ఒంటరి ముద్రణము, వంతపాట: భివండీ తెలుగు నేతవారి గానమును గూర్చి

ధ్వనిముద్రణము పూర్వము పెద్ద సంస్థల చేతిలోని విద్య. నేడది యింటింటి విద్య యైనది. చేతిలో నిముడు ఫోను యంత్రముతో ఎవరైనను తమ గదిలో కూర్చుండి పాడి, ఆ పాటకు తామే శ్రుతి చేర్చి, తామే తాళము వేసి, తామే వంత పాడి, యొక సంపూర్ణ గానమును సిద్ధపఱుపవచ్చును. దీనివలన నొక ప్రశ్న పుట్టుచున్నది. పలువురు కూడి పాడవలసిన పాటను ఒక్కరే పొరలు పొరలుగా కూర్చినప్పుడు ఆ పాటలో నేది నిలుచును? ఏది జారిపోవును?

ఈ ప్రశ్న మహారాష్ట్రమున ఠాణే జిల్లాలోని భివండీ పట్టణమునందును, దాని పొరుగుననున్న పూర్ణ మొదలగు గ్రామములందును నివసించు తెలుగువారి విషయమున మిక్కిలి ముఖ్యమైనది. ఏలయన, వారు తెలంగాణమునుండి తెచ్చుకొన్న పాటలలో అధికభాగము వంతపాటలు. వారి జీవనమో, పదిమందిని ఒక్కచోట, ఒక్కవేళ చేరనీయని జీవనము.

భివండీలో పాటకు గల పరిస్థితులు

భివండీ మరమగ్గముల పట్టణము. 2011 జనగణనమున భివండీ–నిజాంపూర్ నగర జనసంఖ్య 7 లక్షలకు మించినది. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ మొదలగు జిల్లాలనుండి చేమగ్గము కూడు పెట్టని కాలమున బయలుదేరిన పద్మశాలి కుటుంబములు పెక్కు ఇచ్చట స్థిరపడినవి. పద్మానగర్, కామత్‌ఘర్ ప్రాంతములలో తెలుగు మాట వీధిలోనే వినవచ్చును. ఠాణేనుండి భివండీకి పోవు దారిలోనున్న పూర్ణయందు మగ్గములకంటె గోదాములు ప్రసిద్ధములు. నేసిన బట్టయు, నానావిధములైన సరకులును అచ్చట నిలువయై దేశమంతటికిని తరలిపోవుచుండును.

మరమగ్గపు పని సాధారణముగా పండ్రెండేసి గంటల రెండు పాళ్లలో నడచును. పగటి పాళివాడు ఇల్లు చేరు వేళకు రాత్రి పాళివాడు పనికి పోవును. ఒక నేతకాడు నాలుగు మగ్గములను, ఒక్కొక్కచోట అంతకంటె ఎక్కువ మగ్గములను చూచుకొనవలెను. మగ్గముల కొట్టులోని రొద 90 డెసిబెల్లకు మించును. అందు ప్రక్కవానికి మాట వినిపింపవలెనన్న చెవిలో అఱవవలసినదే, పాట మాట చెప్పనక్కఱలేదు.

కాబట్టి భజన మండలికి గాని, కథాగానమునకు గాని కావలసిన నలుగురును ఒకేసారి తీరికగా దొరకుట అరుదు. అట్టివారికి ఫోనులోని ముద్రణయంత్రము గొప్ప వరము. ఎవరికి తీరిక చిక్కిన వేళ వారు తమ పాటను నిలిపికొనవచ్చును. ఇంటి పనులు తీరిన పిదప గృహిణి పాడవచ్చును. నలుగురిలో నోరు మెదపని పిరికివాడు తలుపు వేసికొని పదిసార్లు పాడి, వానిలో నొకదానిని ఉంచుకొనవచ్చును. ఒంటరి ముద్రణము భివండీలో విలాసముగా గాక అవసరముగా ప్రవేశించినదనుట మొదట గుర్తింపవలసిన విషయము.

మగ్గము చెప్పు పాఠము

నేతపనినే దృష్టాంతముగా గ్రహింపవచ్చును. చేమగ్గముపై కూర్చున్నవాడు చూచుటకు ఒంటరివాడు. నాడె అతనిది, అడుగుకఱ్ఱలు అతనివి. కాని అతడు కూర్చుండుటకు ముందే ఇంటి స్త్రీలు నూలు తోడి కండెలు చుట్టియుందురు. పడుగును వీధిలో చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుట పలువురి చేతులు కలిసినగాని సాగని పని. అచ్చులోనికి పోగులను ఎక్కించునప్పుడు ఒకరు అందీయవలెను, ఒకరు లాగికొనవలెను. మరమగ్గమునకు వచ్చునప్పటికి ఈ తోడు కంటికి కనబడకుండ పోయినదేకాని లేకుండ పోలేదు. గంజి పట్టు కర్మాగారము వేఱు, పడుగు చుట్టిన బీమును తెచ్చువాడు వేఱు, మగ్గము చెడినచో బాగుచేయు జాబరు వేఱు.

ఒంటరి ముద్రణముకూడ నిట్టిదే. ఒక్కడే చేసితినని యనుకొన్నను, అతడు పాడు వరుస ఎవరివద్దనో నేర్చినది, అతడు వేయు తాళము ఏ భజనలోనో చేతి కబ్బినది. తేడా యేమన, చేమగ్గపు వీధిలో తోడివాడు ఎదుట నిలిచి, పోగు తెగినచో "ఆగు" మని చెప్పును. మరమగ్గమునందును, ఒంటరి ముద్రణమునందును ఆ "ఆగు" అను మాట వినబడదు.

ముద్రణ చరిత్రలో ఏకాంతము పెరిగిన విధము

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టెను. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నతడు కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ మొదలగువారి పాటలను ముద్రించెను. ఆనాటి పళ్లెము ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములకు మించి నడువదు. గాయకులును వాద్యగాండ్రును ఒకే గదిలో, ఒకే కొమ్ముగొట్టమునకు ఎదురుగా నిలిచి, ఒక్కమాఱే పాడి వాయింపవలెను. తప్పు వచ్చినచో అందఱును తిరిగి మొదలుపెట్టవలసినదే. 1932లో వెలువడిన మొదటి తెలుగు మాటలచిత్రము "భక్త ప్రహ్లాద" నాటి పద్ధతియు నిట్టిదే. నటులు నటించుచునే పాడుదురు, వాద్యగాండ్రు చిత్రములో కనబడని చోట నుండి వాయింతురు.

ఈ కట్టును మొదట సడలించినవారిలో అమెరికా దేశపు సిడ్నీ బెషే యొకడు. 1941లో అతడు ఒక ముద్రణమునందు ఆరు వాద్యములను ఒకదాని తరువాత నొకటిగా తానే వాయించి ఒకదానిపై నొకటి చేర్చెను. ప్రతి పొరకును వెనుకటి పళ్లెమును మోగించి మఱల ముద్రింపవలసి వచ్చుటచే మొదటి పొరల ధ్వని మసకబారుచు పోయెను. అయస్కాంతపు టేపు వచ్చిన పిదప ఆ చిక్కు తగ్గినది. 1951లో లెస్ పాల్, మేరీ ఫోర్డ్ దంపతులు ఒక్క గొంతును, ఒక్క గిటారును పెక్కింటిగా వినిపించు పాటతో ప్రసిద్ధి కెక్కిరి. 1963లో ఫిలిప్స్ సంస్థ చిన్న క్యాసెట్టును ప్రవేశపెట్టినది. 1979లో టాస్కామ్ వారు ఆ క్యాసెట్టుపైననే నాలుగు పొరలను వేఱువేఱుగా నింపదగిన పోర్టాస్టూడియో అను యంత్రమును తెచ్చిరి. ఇంటిలోని బల్లపై నొక ముద్రణశాల వెలసెను. నేటి ఫోనులోని పొరల ముద్రణము దాని సంతతియే.

ఇట్లు నూఱేండ్లలో ముద్రణము అందఱును ఒకచోట చేరవలసిన స్థితినుండి, ఎవరును చేరనక్కఱలేని స్థితికి వచ్చినది.

ఏకాంతము గెలిచిన సందర్భములు

ఏకాంతమును తక్కువ చేయుట న్యాయము గాదు. 1982 ప్రారంభమున బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అను అమెరికా గాయకుడు న్యూజెర్సీలోని తన యింటిలో, పైన చెప్పిన నాలుగు పొరల క్యాసెట్టు యంత్రముపై కొన్ని పాటలను ఒంటరిగా ముద్రించెను. తన వాద్యబృందమునకు వినిపించి నేర్పుటకై చేసిన నమూనాలవి. పిదప బృందముతో కూడి ఆ పాటలను ముద్రింప ప్రయత్నించినను, ఇంటి ముద్రణమునందలి గుణము వానికి రాలేదు. తుదకు ఇంటి క్యాసెట్టే "నెబ్రాస్కా" అను పేర ఆ సంవత్సరమే ప్రకటింపబడినది. కెనడా దేశపు పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1964లో సభాగానమును పూర్తిగ విడిచి ముద్రణశాలనే తన సభగా చేసికొనెను. ఐనను గూల్డుకు టేపులను కోసి అతుకు తోడివారు గలరు. వారి చెవి అతనికి రెండవ చెవి.

స్ప్రింగ్‌స్టీన్ పాటలు ఒంటరితనమున రాణించుటకు కారణ మవి ఒక మనిషి తన గోడు తాను చెప్పుకొను పాటలగుట. తెలుగునను అట్టివి కలవు. లాలిపాట యొక తల్లి, యొక బిడ్డ మధ్యనే నడచును. తత్త్వమును పాడువాడు తనలో తాను పాడుకొనును. అట్టి పాటకు నాలుగు గొంతులు చేర్చుట దానిని చెఱచుటయే. కాబట్టి ఒంటరి ముద్రణము మంచిదా, చెడ్డదా యని అడుగుటకంటె ఈ పాట యెవరితో మాటాడుచున్నది యని అడుగుట మేలు.

వినుటలోని భేదము

పొరల ముద్రణమునకును, కలసి పాడుటకును గల మూలభేదము వినుటలో నున్నది. ఒకడు మొదట తాళము ముద్రించి, దానిని చెవిలో వినుచు పాట పాడినప్పుడు, పాట తాళమును వినును. తాళము పాటను వినదు. అది యంతకుముందే ముగిసిపోయినది. పాటగాడు ఒకచోట భావావేశమున కొంచెము నిలిచినచో తాళము అతనికొఱకు నిలువదు. ఇట్టి వినుట ఏకముఖము. ఇద్దఱు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు వినుట ఉభయముఖము. పాటగాని ఊపిరిని చూచి తాళగాడు చేయి ఆపును. తాళగాని చేతి విసురు చూచి పాటగాడు గొంతెత్తును.

భజనను పరిశీలించినచో నిది తేటపడును. భజన మెల్లగా మొదలై, ఎవరును ముందు నిర్ణయింపకయే, క్రమముగా వేగము హెచ్చి, ఒక శిఖరము చేరి తగ్గును. ఆ హెచ్చుట ఎవరి పనియో చెప్పజాలము. తాళములు కొంచెము త్వరపడును, వంత దానిని అందుకొనును, ముందుపాడువాడు ఆ యుత్సాహమును గ్రహించి మఱికొంత హెచ్చించును. యంత్రపు టిక్కుటిక్కు శబ్దమును ఆధారముగా గొని ఒంటరిగా ముద్రించిన భజన మొదటినుండి తుదివఱకు ఒకే వేగమున నడచును. స్వరములు సరియైనవే, సాహిత్యము సరియైనదే. కాని భజన కాదు.

బుఱ్ఱకథయందును ఇంతే. నడుమ కథకుడు, ఒక ప్రక్క హాస్యపు వంత, వేఱొక ప్రక్క రాజకీయపు వంత. గుంటూరు జిల్లా పొన్నెకల్లున జన్మించిన షేక్ నాజర్ (1920–1997) ఈ కళను దేశప్రసిద్ధము చేసి 1986లో పద్మశ్రీ పురస్కారము పొందెను. ఎంతటి కథకుడైనను వంతగాండ్రు లేనిదే కథ నడువదు. వంతగాడు అడుగు ప్రశ్నయే కథకు తరువాతి మెట్టు. తన ప్రశ్నను తానే ముద్రించి, దానికి తానే ఉత్తరము చెప్పుకొన్నచో అందు ఆశ్చర్యముండదు.

ఈ ఉభయముఖమైన వినుటకు దూరముకూడ నొక హద్దు. శబ్దము గాలిలో సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును. పది మీటర్ల యెడముననున్న చప్పట్లు చెవిని చేరుటకు సుమారు 30 మిల్లీ సెకండ్లు పట్టును. ఆలస్యము 25, 30 మిల్లీ సెకండ్లకు మించినకొలది కలసి వాయించువారి లయ వెనుకకు లాగబడునని పరిశోధకులు కనుగొనిరి. దృశ్యసహితమైన ఫోను సంభాషణలో ఆలస్యము తఱచుగా దీనికి అనేక రెట్లుండును. 2020లో మహమ్మారి వ్యాపించి జనులు ఇండ్లలో నిలిచిపోయిన దినములలో, ఫోను తెఱపై కూడి పాడ యత్నించినవారు ఒకరి మాట ఒకరికి స్పష్టముగ వినబడుచున్నను చప్పట్లు మాత్రము కలియకుండుటకు కారణ మిదియే.

వంతయే పాఠశాల

ఇంతవఱకు చెప్పినది పాట సొగసునుగూర్చిన మాట. భివండీవారికి దీనికంటె గంభీరమైన విషయ మింకొకటి కలదు. వంతపాటయే కొత్తవారు పాటలో ప్రవేశించు ద్వారము.

బతుకమ్మ పాటను చూడుడు. స్త్రీలు వలయముగా నిలిచి, చప్పట్లు చఱచుచు, అడుగులు వేయుచు తిరుగుదురు. ఒకరు చరణము నందించిన తక్కినవారు పల్లవి పదమును పలుకుదురు. పాట మొత్తము వచ్చినవారు వలయములో ఒకరిద్దఱే యుండవచ్చును. తక్కినవారికి ఆ యొక్క పదము వచ్చిన చాలును. మరాఠీ బడిలోనో, ఆంగ్లపు బడిలోనో చదువుచు తెలుగు లిపి నేర్వని బాలిక మొదటి యేట చప్పట్లు నేర్చును, రెండవ యేట పల్లవి పలుకును, కొన్నాళ్లకు చరణము నందుకొనును. ఎవరును ఆమెకు పాఠము చెప్పలేదు. వలయమే చెప్పినది.

పద్మశాలీల ఆశ్రితులైన కూనపులివారి కథాగానమునందును ఇట్టి యేర్పాటే కలదు. వారు చిత్రించిన పటమును విప్పుచు మార్కండేయ, భావనాఋషుల కథను పాడుదురు. ఒకడు కథ చెప్పును, తోడివారు వంత పాడి వాద్యములు వాయింతురు. తమ కులపురుషుల చరిత్రను నేతవారు గ్రంథములకంటె ఈ పటముల ముందు కూర్చుండియే ఎక్కువగ తెలిసికొనిరి. కథకుని కొడుకు మొదట వంతగాడై పిదప కథకుడగును.

ఇట్టి పాటను ఒక వృద్ధురాలు గదిలో ఒంటరిగా ఫోనుముందు పాడినచో, ఆమె చరణమును పాడును, పల్లవినికూడ తానే పాడును. మాట నిలుచును, వరుస నిలుచును. కాని మనుమరాలు నిలువదగిన చోటు ఆ ముద్రణమునందు ఉండదు. ఆమె శ్రోత యగును. శ్రోతకు నచ్చినచో వినును, నచ్చనిచో ఇంకొకదానికి మరలును. వలయములో నిలిచినదానికి విడిచి పోవుట అంత సులభము కాదు.

రాగిరేకులు చెప్పు సాక్ష్యము

ముద్రించినంతమాత్రమున పాట బ్రదుకునని నమ్మరాదనుటకు తెలుగు సంగీత చరిత్రయే సాక్ష్యము. తాళ్లపాక అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనములను అతని వంశమువారు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమునందలి భాండాగారమున భద్రపఱచిరి. నేడు లభించుచున్నవి పండ్రెండు వేలకు పైబడినవి. రేకులపై సాహిత్యమును, రాగముల పేర్లును కలవు. కాని పాడు పరంపర నడుమ తెగిపోవుటచే అతడు పాడిన వరుసలు మనకు దక్కలేదు. ఇరువదవ శతాబ్దమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు ఆ సాహిత్యమునకు క్రొత్తగా వరుసలు కూర్పవలసి వచ్చెను.

త్యాగరాజస్వామి (1767–1847) విషయము దీనికి భిన్నము. అతడు తిరువయ్యారులో స్వగృహమున కృతులను రచించెను. రాగిరేకులు లేవు. కాని వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లైస్థానములకు చెందిన శిష్యులు వానిని నేర్చిరి, వ్రాసికొనిరి, తమ శిష్యులకు నేర్పిరి. ఆ కృతులు వరుసలతోకూడ నేటికిని సభలలో వినబడుచున్నవి. రాగి చిరకాలము నిలుచు లోహము, గొంతు అల్పాయువు. ఐనను ఒకరినుండి యొకరికి పోయిన గొంతే వరుసను కాపాడినది. నేటి యంత్రము వరుసనుకూడ భద్రపఱుపగలదు గావున రాగిరేకుకంటె మిన్నయే. కాని వలయమును, చప్పట్లను, వంతను అది యొంటరి ముద్రణమునుండి భద్రపఱుపజాలదు.

చేయదగిన పనులు

పైవిచారమునుబట్టి భివండీ, పూర్ణ ప్రాంతములలోని తెలుగు సంఘములకును, కుటుంబములకును కొన్ని పనులు సూచింపవచ్చును.

మొదటిది: వృద్ధుల పాటలను వెంటనే, ఒంటరిగానైనను ముద్రింపవలెను. నలుగురు కూడుదాక ఆగినచో గొంతే ఆగిపోవచ్చును. ఫోనును నోటికి జానెడు దూరమున నుంచవలెను. దూరము సగమైనకొలది పాట బలము సుమారు 6 డెసిబెల్లు హెచ్చును, గదిలోని రొద మాత్రము హెచ్చదు. బట్ట తానులు, బొంతలు వ్రేలాడదీసిన గదిలో గోడల ప్రతిధ్వని తగ్గును. నేతవారి యింట వీనికి కొదువలేదు. కాని మగ్గపు దడదడ గోడనుండియే వచ్చునది, బట్టకు లొంగదు. కావున మగ్గములు నిలిచిన వేళ చూచుకొనవలెను.

రెండవది: పాడినవారి పేరు, స్వగ్రామము, పాట నేర్పినవారి పేరు, పాడు సందర్భము ముద్రణము చివర నోటితోనే చెప్పింపవలెను. గౌహర్‌జాన్ తన పళ్లెముల చివర తన పేరు తానే చెప్పుకొనెడిది. 1994 సవరణతో భారత కృతిస్వామ్య చట్టము ప్రదర్శకుల హక్కులను గుర్తించినది. వంతగాండ్రును ప్రదర్శకులే, వారి పేర్లును చెప్పదగినవి.

మూడవది: ఒంటరిగా పాడునప్పుడు వంత యుండవలసిన చోట ఖాళీ విడువవలెను. చరణము పాడి, వంతకు పట్టునంత కాలము చేతితో తాళము మాత్రము వేయుచు మౌనముగ నుండవలెను. అట్టి ముద్రణము వినువానిని పిలుచును. సూరతులోనున్న బంధువైనను, సిరిసిల్లలోనున్న చెల్లెలైనను ఆ ఖాళీలో తన గొంతు నిలుపవచ్చును.

నాలుగవది: పొరలుగా ముద్రింపక తప్పనప్పుడు మొదటి పొరను యంత్రపు లయతో గాక, ఇద్దఱు ఎదురెదురుగా కూర్చుండి పాటయు తాళమును కలిపి ముద్రింపవలెను. హార్మోనియమును, వంతను తరువాత చేర్చినను చెఱుపు తక్కువ.

ఐదవది: సంవత్సరమునకు ఒక్కమాఱైనను, బతుకమ్మ దినములలో గాని, శ్రావణపూర్ణిమనాడు మార్కండేయోత్సవమున గాని, పాత పళ్లెముల పద్ధతిని అందఱును కూడి ఒక్క యంత్రము ముందు పాడవలెను. యంత్రమును వలయము మధ్య నుంచినచో అందఱికిని సమదూరమున నుండును. తప్పులు దొరలినను తుడువరాదు. పిల్లల తొట్రుపాటుకూడ ముద్రణములో నుండవలెను. మఱుసటి యేట అదే గొంతు తొట్రుపడక పాడినచో, ఆ రెండు ముద్రణములను ప్రక్కప్రక్కన విన్నవారికి పాట ఏ దారిని నడచుచున్నదో తెలియును.

ఒంటరి ముద్రణము పడుగువంటిది. అది ముందుగా సిద్ధమైయుండుట మంచిదే, దానిని చుట్టి దాచుకొనవచ్చును. కాని పేక పడనిదే అది బట్ట కాదు. భివండీ తెలుగువారి ఇండ్లలో నేడు పడుగు సమృద్ధిగా కలదు. దానిలో పేక నింపు పని రానున్న పండుగలలో వలయమున నిలువబోవువారిది.